మడతపెట్టే ఫ్యాట్ టైర్ ఈ-సైకిల్: మన డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో, రాజోలు వైపు మూడు వానాకాలాలుగా ఈ బండి నడుపుతున్నాను. నాది 36 వోల్టుల బ్యాటరీ, 250 వాట్ల మోటారు, 20 అంగుళాల చక్రానికి 4 అంగుళాల టైరు. రేవులో పంటు (మనుషుల్ని, బళ్ళని ఏరు దాటించే పెద్ద పడవ) కోసం ఆగితే చాలు, ఎవరో ఒకరు వచ్చి టైరు నొక్కి చూసి అవే సందేహాలు అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## కొనేముందు

మన ఊళ్ళకి ఫ్యాట్ టైరు అవసరమా? మామూలు ఈ-సైకిల్ చాలదా?

మీరు రోజూ వెళ్ళే దారిని బట్టి ఉంటుంది. తారు రోడ్డు మీదే తిరిగేవాళ్ళకి ఇది దండగ. టైరు బరువు, రోడ్డు మీద రాపిడి రెండూ ఎక్కువ కాబట్టి ఛార్జి త్వరగా అయిపోతుంది. ఏటిగట్టు గ్రావెల్, చెరువు గట్లు, గోతుల పుంతలు, లంకల్లో ఇసుక మీద తిరిగేవాళ్ళకి మాత్రం దీని విలువ మొదటి రోజే తెలుస్తుంది. సన్న టైరు దిగబడిపోయే ఇసుకలో ఇది తేలిపోతూ వెళ్తుంది.

ఇసుకలో గెలిచే ఈ టైరు తడిసిన బంకమట్టిలో ఓడిపోతుంది. మట్టి టైరుకి చుట్టుకుని, మడ్‌గార్డ్ లోపల ముద్దలా పేరుకుని, కాసేపటికి చక్రాన్ని బిగించేస్తుంది. వానాకాలంలో మీ దారి అంతా చేలగట్ల మీదే అయితే మడ్‌గార్డ్‌కి, టైరుకి మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు ఉన్న మోడలే చూడండి.

దీనికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ కావాలా?

మోటారు 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కి.మీ. లోపు, బ్యాటరీ తీసేశాక బండి బరువు 60 కేజీలు మించకుండా ఉండి, గుర్తింపు ఉన్న పరీక్షా సంస్థ ఆమోదం ఉంటే చట్టం దృష్టిలో అది మోటారు వాహనం కాదు. లైసెన్సు, నంబరు ప్లేటు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. 500, 750 వాట్లు అని రాసి ఉన్న విదేశీ మోడల్ ఈ లెక్కలోకి రాదు. కొనేటప్పుడు ఆమోద పత్రం కాపీ అడిగి తీసుకుని ఫోన్‌లో పెట్టుకోండి.

మడతపెడితే ఒక్కడినే ఎత్తుకోగలనా?

కష్టం. ఈ రకం బళ్ళు 25 నుంచి 30 కేజీలు ఉంటాయి. బ్యాటరీ ముందే తీసేస్తే మూడు నాలుగు కేజీలు తగ్గుతుంది, అయినా మేడ మెట్లు ఎక్కాలంటే ఇద్దరు ఉండాలి. మడత ఉపయోగం వేరే చోట ఉంది: కారు డిక్కీలో, ఆటో వెనక, ఇరుకు వసారాలో మంచం పక్కన. నరసాపురం-సఖినేటిపల్లి పంటు మీదైతే మడవాల్సిన పనే లేదు, నడిపించుకుంటూ ఎక్కించి హ్యాండిల్ పట్టుకుని నిలబడితే చాలు.

షాపులో 60 కిలోమీటర్లు అన్నారు. నిజంగా ఎంత వస్తుంది?

చిన్న లెక్క ఉంది. బ్యాటరీ వోల్టులని దాని యాంపియర్-అవర్లతో గుణించండి, అందులో పట్టే శక్తి వాట్-అవర్లలో వస్తుంది. 36 వోల్టులు, 12.8 యాంపియర్-అవర్లు అయితే సుమారు 460 వాట్-అవర్లు. తొక్కుతూ మోటారు సాయం తీసుకుంటే ఫ్యాట్ టైరుకి కిలోమీటరుకి 12 నుంచి 15 వాట్-అవర్లు, తొక్కకుండా థ్రాటిల్ (స్కూటర్‌కి లాంటి యాక్సిలరేటర్) మీదే వెళ్తే 18, 20 దాకా ఖర్చవుతాయి. అంటే తొక్కితే 30 నుంచి 38 కిలోమీటర్లు, తొక్కకపోతే పాతిక లోపు.

మనది బల్లపరుపు నేల కావడం అదృష్టం. దిండి-చించినాడ లాంటి వంతెనలు తప్ప ఎక్కాల్సిన ఎత్తే లేదు. ఇక్కడ ఛార్జి తినేది గాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి వీచే గాలికి ఎదురు వెళ్తే నా బండికి ఐదారు కిలోమీటర్లు తగ్గిపోతాయి. అందుకని దూరం వెళ్ళే రోజు పొద్దున్నే బయల్దేరతాను.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. ఒక మల్టీమీటరు పట్టుకెళ్ళండి. పూర్తి ఛార్జి అయ్యాక 36 వోల్టుల బ్యాటరీ 42 దగ్గర, 48 వోల్టులది 54.6 దగ్గర చూపించాలి. తర్వాత వంతెన మీదకి ఎక్కించి డిస్‌ప్లే చూడండి. ఛార్జి గీతలు ఒక్కసారిగా పడిపోయి, ఆగగానే మళ్ళీ లేస్తే బ్యాటరీ అలిసిపోయిందని అర్థం. ఫ్రేము మడత దగ్గర వెల్డింగు చుట్టూ గుడ్డతో తుడిచి, వెంట్రుక మందం చీలిక ఉన్నా వదిలేయండి. కనెక్టర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే ఆ బండి ఉప్పునీళ్ళు చూసిందన్నమాట. బ్యాటరీ మార్పుకయ్యే డబ్బు బేరంలో తగ్గించి అడగండి.

## కొన్న కొత్తలో

టైర్లలో గాలి ఎంత ఉండాలి? పంక్చర్ షాపులో 40 కొట్టేశారు.

వెంటనే తగ్గించండి. ఫ్యాట్ టైరు పక్కన గరిష్ఠం ఎంతో అచ్చువేసి ఉంటుంది, చాలా వాటికి 20 నుంచి 30 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) లోపే. స్కూటర్ లెక్కన 40 కొడితే టైరు రిమ్ము నుంచి జారిపోవచ్చు, పగలనూ వచ్చు. నేను తారు రోడ్డుకి 20, ఏటిగట్టుకి 15, ఇసుకలో 8 నుంచి 10 పెడతాను. ఇసుక దాటి రోడ్డెక్కగానే మళ్ళీ కొట్టాలి, లేకపోతే గోతిలో పడ్డప్పుడు రిమ్ము ట్యూబుని కొరికేస్తుంది. తక్కువ ప్రెషర్ చూపించే చిన్న గేజి ఒకటి, చేతిపంపు ఒకటి సంచిలో పెట్టుకోండి. ట్యూబుకి కారు వాల్వే ఉంటే మన షాపుల్లో గాలికి ఇబ్బంది ఉండదు.

మడత దగ్గర టక్ టక్ మంటోంది. ప్రమాదమా?

నిర్లక్ష్యం చేస్తే ప్రమాదమే. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. ఒక వేలు మడత అతుకు మీద పెట్టండి. రెండు ముక్కల మధ్య కదలిక వేలికి తెలుస్తుంది. తెలిస్తే లాకు విప్పి, అతికే ముఖాలని గుడ్డతో తుడవండి. చాలాసార్లు అక్కడ ఉన్నది ఒక ఇసుక రేణువే. తర్వాత లాకు గొళ్ళెం దగ్గరి సర్దుబాటు నట్టుని పావు చుట్టు బిగించి మూసి చూడండి. లాకు మూసేటప్పుడు అరచేతిలో అచ్చు పడేంత గట్టిగా ఉండాలి, అలాగని సుత్తి అవసరం రాకూడదు. హ్యాండిల్ స్టెమ్ మడతకీ ఇదే పద్ధతి. మొదటి నెలలో వారానికోసారి చూడండి, కొత్త లోహం సర్దుకునేటప్పుడే ఎక్కువ వదులవుతుంది.

రోజూ ఫుల్ ఛార్జి పెట్టాలా?

అక్కర్లేదు. లిథియం బ్యాటరీ నిండుగా నిండి ఉండటాన్నీ, పూర్తిగా ఖాళీ అవడాన్నీ ఇష్టపడదు. రోజూ 20 నుంచి 90 శాతం మధ్య తిప్పితే ఎక్కువ కాలం వస్తుంది. దూరం వెళ్ళే ముందు రాత్రి మాత్రం నిండా పెట్టండి. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని వెంటనే ఛార్జరుకి పెట్టకండి, అరగంట నీడలో చల్లారనివ్వండి. రెండు మూడు వారాలు వాడకపోతే సగం ఛార్జిలో ఉంచి చల్లటి గదిలో పెట్టండి.

వోల్టేజి హెచ్చుతగ్గులకి ఛార్జరు పాడవుతుందా?

మంచి ఛార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. రొయ్యల చెరువుల ఏరియేటర్లు నడిచే లైన్లో వోల్టేజి పడిపోయినా నష్టం లేదు. భయపడాల్సింది పిడుగులకి, కరెంటు తిరిగొచ్చేటప్పుడు ఒక్కసారిగా పెరిగే వోల్టేజికి. ఉరుము వినపడగానే ప్లగ్గు తీసేయండి.

## వానలు, వరద, ఉప్పు

వానలో నడపొచ్చా?

మామూలు వానకి తట్టుకుంటుంది. పైనుంచి పడే చినుకు కంటే వైరు పట్టుకుని జారే చుక్కే ఎక్కువ చేటు చేస్తుంది. మొదటి ఏడు శ్రావణంలో నా బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటారుకి కరెంటుని అదుపు చేసి పంపే సర్క్యూట్) పెట్టె విప్పితే కింద చెంచాడు నీళ్ళు. పెట్టె ఎక్కడా పగల్లేదు. హ్యాండిల్ నుంచి వచ్చే వైర్ల కట్ట వెంబడి చుక్క చుక్కగా నీళ్ళు జారి లోపలికి దిగాయి. అప్పటి నుంచి వైర్లు పెట్టెలోకి వెళ్ళే ముందు కిందికి ఒక వంపు వేలాడేలా కట్టాను. చుక్క ఆ వంపు అడుగుకి చేరి కింద పడిపోతుంది. తర్వాత రెండు వానాకాలాల్లో లోపల తడి చూడలేదు.

దీనితో పాటు కనెక్టర్లలో కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి, డిస్‌ప్లేకి పల్చటి కవరు తొడగండి. బ్యాటరీ తాళం కన్నానికి రబ్బరు మూత లేకపోతే చిన్న టేపు ముక్క అతికించండి, అది తుప్పు పడితే బ్యాటరీ బయటికి రాదు.

కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే దాటొచ్చా?

పారే నీళ్ళలో దిగకండి. వెడల్పు టైర్లలో ఉన్న గాలి బండిని పైకి లేపుతుంది, ప్రవాహం పక్కకి నెట్టేస్తుంది. సన్న టైరు కంటే ఇదే ముందు కొట్టుకుపోతుంది.

నిలవ నీళ్ళయితే జానెడు లోతు దాకా మెల్లగా వెళ్ళొచ్చు. ఈ చక్రానికి ఇరుసు నేల నుంచి సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నీళ్ళు అక్కడికి చేరితే హబ్ మోటారులోకి (చక్రం మధ్యలోనే ఉండే మోటారు) వైరు వెళ్ళే దారిన లోపలికి దిగుతాయి. వేడెక్కిన మోటారు ఒక్కసారిగా నీళ్ళలో చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని నీళ్ళని తనంతట తనే పీల్చుకుంటుంది.

గోదావరికి వరదొస్తే బండిని ఎప్పుడు మేడ ఎక్కించాలి?

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నేను లంకలో కాకపోయినా మొదటి హెచ్చరిక రాగానే బ్యాటరీ ఛార్జి చేసి విడిగా పైన పెడతాను, ఎందుకంటే తర్వాత కరెంటు ఉంటుందని నమ్మకం లేదు. రెండో హెచ్చరిక దాకా ఆగితే బండి ఎత్తడానికి మనిషి దొరకడు, అందరూ తమ ఇంటి సామానే ఎత్తుకుంటూ ఉంటారు.

బ్యాటరీ మునిగిపోయింది. ఎండబెట్టి వాడుకోవచ్చా?

వద్దు. ఇందులో ఎవరి మాటా వినకండి. నీళ్ళు, ముఖ్యంగా ఉప్పునీళ్ళు, లోపల సెల్లుల మధ్య దారి ఏర్పరిచి మెల్లగా తుప్పు పట్టిస్తాయి. బయటికి ఆరిపోయినట్టే ఉంటుంది, కొన్ని రోజుల తర్వాత కూడా మంటలు రావచ్చు. ఛార్జి పెట్టొద్దు, ఇంట్లో ఉంచొద్దు. కొబ్బరి కమ్మలకి, గడ్డిమేటుకి దూరంగా ఆరుబయట ఇసుక మీద పెట్టి కంపెనీ సర్వీసుకి ఫోన్ చేయండి.

అంతర్వేది బీచ్‌లో తిప్పాలని సరదాగా ఉంది. ఫర్వాలేదా?

పొడి ఇసుకలో హాయిగా తిప్పండి, అలల అంచుకి వెళ్ళకండి. ఇంటికొచ్చాక అదే రోజు బకెట్టు మంచినీళ్ళు, తడిగుడ్డతో తుడిచి చైనుకి నూనె వేయండి. మర్నాటికి వదిలేస్తే చైను ఎర్రబడిపోతుంది.

బైక్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌తో కడిగించొచ్చా?

ఎప్పుడూ వద్దు. ఆ ధార బేరింగుల సీళ్ళని, కనెక్టర్లని దాటి లోపలికి దూరుతుంది. మగ్గుతో నీళ్ళు, పాత టూత్‌బ్రష్ చాలు.

## మార్పులు చేయాలనుకుంటే

కొన్నాక ముందుగా ఏం మార్చాలి?

అందరూ స్పీడు అడుగుతారు, నేను బ్రేకులు అంటాను. వానాకాలంలో డిస్కు మీద పడే బురద ప్యాడ్లని సాన పట్టినట్టు అరగదీస్తుంది. మెత్తటి రెజిన్ ప్యాడ్ల బదులు మెటల్ కలిసిన సింటర్డ్ ప్యాడ్లు వేస్తే వానలో బాగా నిలుస్తాయి. డబ్బు ఉంటే హైడ్రాలిక్ బ్రేకులు పెట్టించండి, కానీ లివర్‌లో మోటారుని ఆపే స్విచ్ ఉన్నవే తీసుకోండి. మినరల్ ఆయిల్ వాడే బ్రేకులో కారు బ్రేక్ ఆయిల్ పోయకూడదు, సీళ్ళు ఉబ్బి పాడవుతాయి.

తర్వాత ట్యూబుల్లో సీలెంట్ (ముల్లు దిగిన చిన్న కన్నాన్ని లోపలి నుంచి పూడ్చే ద్రవం). చెరువు గట్ల మీద తుమ్మ ముళ్ళకి అదే మందు. మూడోది వెడల్పైన పొడుగు మడ్‌గార్డ్‌లు. మన నేలకి పనికొచ్చే మార్పులు నీళ్ళని, మట్టిని, ఉప్పుని ఆపేవే. మీ చేతిలో ఉన్న డబ్బు ముందు వాటికి పెట్టమని గట్టిగా చెబుతాను.

స్పీడ్ లిమిట్ తీసేయొచ్చా?

డిస్‌ప్లే సెట్టింగుల్లో అంకె మార్చడం తేలికే, కానీ చేయకండి. గంటకు 25 దాటగానే అది చట్టం లెక్కలో మోటారు వాహనం అవుతుంది. రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు ఏవీ లేని మోటారు వాహనం. ఎవరికైనా తగిలితే భారమంతా మీ మీదే పడుతుంది. పైగా 25 నుంచి 40కి వెళ్తే ఆపాల్సిన శక్తి రెండున్నర రెట్లు అవుతుంది. ఈ ఫ్రేము మధ్యలో మడత అతుకు ఉందని గుర్తుంచుకోండి. మన రోడ్ల మీద సాయంత్రం వేళ గేదెలు తోలుకొస్తారు, కళ్ళాల రోజుల్లో సగం రోడ్డు ధాన్యమే ఉంటుంది. పాతిక చాలు.

36 వోల్టుల బండికి 48 వోల్టుల బ్యాటరీ పెడితే ఏమవుతుంది?

పేరుకి 48 అయినా నిండా ఛార్జి అయితే అది 54.6 వోల్టులు ఇస్తుంది. 36 వోల్టుల కంట్రోలర్లలో కొన్నిటికి లోపలి కెపాసిటర్లు 50 వోల్టుల దాకానే తట్టుకుంటాయి. స్విచ్ వేసిన మొదటిసారే అవి పేలిపోవచ్చు. డిస్‌ప్లే కూడా ఆ వోల్టేజికి తయారైంది కాకపోవచ్చు. మార్చాలంటే బ్యాటరీ, కంట్రోలర్, డిస్‌ప్లే, ఛార్జరు నాలుగూ జతగా మార్చాలి, ఇరుసు గుండ్రంగా తిరిగిపోకుండా టార్క్ ఆర్మ్ బిగించాలి. అంత ఖర్చు పెట్టినా గేరు హబ్ మోటారులోని నైలాన్ పళ్ళు పాతవే. బల్లపరుపు నేల మీద ఆ శక్తితో పని లేదు.

రెండో బ్యాటరీ కలిపి దూరం పెంచుకోవచ్చా?

రెండిటినీ వైర్లతో కలిపి కట్టకండి. ఒకటి నిండుగా, ఇంకోటి సగంలో ఉంటే నిండుగా ఉన్నది రెండోదానిలోకి ఒక్కసారిగా కరెంటు తోసేస్తుంది, వైర్లు కాలిపోతాయి. రెండో బ్యాటరీని సంచిలో వేసుకుని, మొదటిది అయిపోయాక మార్చుకోవడమే భద్రమైన పద్ధతి.

బయట బ్యాటరీ కట్టేవాళ్ళ దగ్గర తక్కువకి వస్తుంది. కట్టించుకోవచ్చా?

కట్టేటప్పుడు మీరు పక్కన ఉండగలిగితేనే. సెల్లులు కొత్తవా, పాత లాప్‌టాప్‌ల నుంచి తీసినవా అని చూడండి. పాతవాటి కొసల మీద స్పాట్ వెల్డింగు మచ్చలు కనిపిస్తాయి. సెల్లుల మీద నేరుగా సోల్డరింగ్ చేస్తుంటే లేచి వచ్చేయండి, ఆ వేడికి సెల్లు లోపల దెబ్బతింటుంది. బీఎంఎస్ బోర్డు (సెల్లులని కాపాడే సర్క్యూట్) మీ కంట్రోలర్ తీసుకునే కరెంటు కంటే ఎక్కువని తట్టుకోవాలి. ఛార్జరు విషయంలో జాగ్రత్త: 36 వోల్టుల లిథియం-అయాన్‌కి 42 వోల్టుల ఛార్జరే వాడాలి, ప్లగ్గు దూరింది కదా అని ఇంకోటి పెట్టకూడదు.

వెనక కొబ్బరికాయలు, గడ్డిమోపు వేసుకోవచ్చా?

క్యారియర్ మీద ఎంత బరువు అని రాసి ఉంటుంది, ఎక్కువ వాటికి 25 కేజీలు. గడ్డిమోపు పెద్దగా కనిపించినా తేలిక, ఇబ్బంది గాలితోనే. కాయలు అలా కాదు. వలిచిన కాయలైతే రెండు పక్కలా సమానంగా సంచులు వేలాడదీయండి, ఒకవైపే వేస్తే ఇసుకలో హ్యాండిల్ లాగేస్తుంది. బరువు ఉన్నప్పుడు వెనక టైరులో మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ పెట్టండి. మనిషిని మాత్రం ఎక్కించకండి.

వేగంగా వెళ్ళేటప్పుడు పెడల్ తొక్కితే గాల్లో తొక్కినట్టుంది. ఎందుకు?

చక్రం చిన్నది కాబట్టి. వెనక ఫ్రీవీల్‌లో చిన్న పన్నుచక్రం 14 పళ్ళది అయితే 11 పళ్ళది ఉన్న ఫ్రీవీల్ వేయించండి. ఖర్చు తక్కువ, ఫలితం మొదటి తొక్కులోనే కాలికి తెలుస్తుంది.

## చెడిపోయినప్పుడు

వెనక చక్రం పంక్చర్ అయితే మెకానిక్ ముట్టుకోనంటున్నాడు. ఏం చేయాలి?

వైర్లు చూసి భయపడతారు, వాళ్ళ తప్పు లేదు. చక్రం విప్పకుండానే పని అయిపోతుందని పక్కన నిలబడి చెప్పండి.

బ్యాటరీ తీసేయండి. గాలంతా వదిలి, టైరు అంచుని చుట్టూ బొటనవేళ్ళతో రిమ్ము మధ్య గాడిలోకి నొక్కండి. అప్పుడు అంచు వదులవుతుంది, ఒక పక్క మాత్రమే లీవరుతో బయటికి తీయండి. ట్యూబుని ఆ పక్క నుంచి లాగి, గాలి కొట్టి, నీళ్ళ బేసిన్‌లో ముంచితే బుడగలు వస్తాయి. అక్కడ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, వేలికి అంటుకోనంత ఆరాక ప్యాచ్ వేయాలి. మళ్ళీ ఎక్కించే ముందు టైరు లోపల గుడ్డ ముక్కతో చుట్టూ తడమండి. ముల్లు అక్కడే ఉంటే గుడ్డ పట్టుకుంటుంది.

చక్రం విప్పక తప్పకపోతే మోటారు కనెక్టర్ మీది బాణం గుర్తులు చూసుకుని నేరుగా లాగాలి, మెలితిప్పకూడదు. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి.

డిస్‌ప్లే వెలుగుతోంది కానీ మోటారు తిరగట్లేదు.

ముందు బ్రేకు స్విచ్‌ని అనుమానించండి. లివర్ మట్టిపట్టి పూర్తిగా వెనక్కి రాకపోతే, బ్రేకు పట్టి ఉన్నారనుకుని కంట్రోలర్ మోటారుని ఆపేస్తుంది. బ్రేకు వైరు కనెక్టర్ రెండు పక్కలా తీసి చూడండి, మోటారు తిరిగితే లోపం లివర్‌లోదే. పరీక్ష అవగానే మళ్ళీ పెట్టండి. అది కాకపోతే పెడల్ దగ్గర ఉన్న సెన్సర్, దాని అయస్కాంతాల చక్రం మధ్య బురద చేరిందేమో తుడవండి.

స్విచ్ ఆపినా వెనక చక్రం బిగుసుకుపోయినట్టు తిరుగుతోంది.

మోటారు కనెక్టర్ విప్పి చక్రం తిప్పండి. తేలికైపోతే కంట్రోలర్ లోపల మాస్‌ఫెట్ (కరెంటుకి స్విచ్‌లా పనిచేసే భాగం) కాలిపోయి ఉంటుంది, కంట్రోలర్ మార్చాలి. అప్పటికీ బిగువుగానే ఉంటే మోటారులో గానీ బ్రేకు ప్యాడ్లలో గానీ సమస్య.

బ్యాటరీ పూర్తిగా అయిపోతే ఎక్కడ పడేయాలి?

పాత ఇనుప సామాను బండికి వేయకండి. వాళ్ళు సుత్తితో పగలగొడతారు, అప్పుడే మంటలు లేస్తాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. కొన్న షాపుకో, కంపెనీ సర్వీసుకో తీసుకెళ్ళండి. అప్పటిదాకా రెండు కొసలకీ విడివిడిగా టేపు చుట్టి, పిల్లలకి అందని చోట, వంటింటికి దూరంగా ఉంచండి.